మీరు కట్టే కొత్త భాషలో రుచులకు మాటలు

కథ కోసమో సరదాకో సొంతంగా కొత్త భాష కట్టేవాళ్లలో చాలామంది రుచుల దగ్గరికి రాగానే తీపి, పులుపు, చేదు అని వరసగా రాసుకుని, ఒక్కోదానికి ఓ శబ్దం తగిలించి ముందుకెళ్లిపోతారు. అలా వచ్చేది మన భాషకే వేసిన ముసుగు. నేనైతే శబ్దాల జోలికి పోకముందే ఏవి ఒక గుంపో, ఏవి వేరో తేల్చుకుంటాను.

నాలుక పట్టే మూల రుచుల్లో తీపి, పులుపు, ఉప్పు, చేదు పోగా ఐదోది ఉమామి, అంటే మాంసం పులుసులోనో పుట్టగొడుగుల్లోనో తగిలే కమ్మదనం. దానికి ఆ పేరు పెట్టింది జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా, 1908లో. కారం ఈ లెక్కలోకి రాదు. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే గ్రాహకాలను రేపుతుంది, పుదీనాలోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టేవాటిని. అందుకే నేను కట్టుకున్న భాషలో ఈ రెంటికీ ఒకటే ధాతువు, 'షెర్'. షెరూ అంటే మంట, షెరీ అంటే చలవ. వగరు కూడా ఒక రకంగా స్పర్శే: టానిన్లనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేస్తే నోరు గరుకెక్కుతుంది. కాబట్టి పచ్చి అరటికాయకూ గరుకు గోడకూ 'టోక్' అనే ఒక్క మాటే చాలనుకున్నాను. మీ భాష మాట్లాడేది పిల్లిలాంటి జీవులైతే అసలు తీపికి మాటే అక్కర్లేదు, పిల్లులకు ఆ రుచి తెలియదు.

ఇక వ్యాకరణం. నాకు బాగా సరదా ఇక్కడే. రుచిని విశేషణంగా కాక క్రియగా పెట్టి చూడండి. క్రియ అయితే దానికి కాలం వస్తుంది. చేదుకు నా ధాతువు 'గువ్'. నోట్లో పెట్టగానే తగిలితే గువ్ని, మింగాక మిగిలితే గువ్మా. కాఫీ రెండూ చేస్తుంది. పూత వేసిన మాత్ర, పూత కరిగేలోపే గొంతు దిగితే, ఏదీ చేయదు.

వాసనను మాత్రం వదలకండి. జలుబు చేసినప్పుడు తిండి చప్పగా అనిపించేది ముక్కు వల్లే. మలయా ద్వీపకల్పంలోని జహాయ్ భాషలో ఏ వస్తువు పేరూ అరువు తెచ్చుకోని వాసన మాటలు ఉన్నాయి. మీరూ అలాంటివి కొన్ని పుట్టించండి. అన్నీ ఒకేసారి కాదు, అవసరం పడినప్పుడల్లా ఒకటి.

చివరికి ఓ పరీక్ష. ముక్కు మూసుకుని ఆపిల్ ముక్క నమలండి, తర్వాత ముక్కు వదలండి. తేడాను మీ భాషలోనే రాయండి. 'ఫలానా పండులా' అని రాయాల్సి వస్తే అక్కడో మాట తక్కువైనట్టే.