బయట యాక్సెసరీలు బిగించినా వారంటీ పోకుండా చూసుకోవడం ఎలా?

బయట ఒక లైటు వేయిస్తే చాలు, బండి వారంటీ మొత్తం పోతుందని చాలామంది భయపడతారు. సాధారణంగా అలా జరగదు. పాడైన భాగానికీ మీరు బిగించిన వస్తువుకూ సంబంధం ఉందా లేదా అన్నదే చూడాలి. హారన్ మారిస్తే గేర్‌బాక్స్ వారంటీ ఎందుకు పోవాలి? అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం కూడా ఈ సంబంధాన్నే అడుగుతుంది. చట్టాలు దేశానికో రకం కాబట్టి, ముందు మీ వారంటీ పుస్తకం తీసి ఏవేవి వర్తించవో రాసిన పేజీ పూర్తిగా చదవండి.

తర్వాత వైరింగ్ సంగతి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది పెడితే అది 8 దాటుతుంది. వైరులో వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది, అంటే అదే సన్నని వైరు మీద దాదాపు 2.8 రెట్లు. కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) కరిగాక కంపెనీ కాదంటే వాదించడం కష్టం. అందుకే కంపెనీ వైరును కోయనివ్వకండి. తొడుగు ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కనిపించినా అనుమానం దాని మీదికే పోతుంది. కప్లర్‌కు కప్లర్ సరిపోయే కిట్ తీసుకోండి. ఎక్కువ కరెంటు లాగే లైట్లకు విడిగా రిలే (హ్యాండిల్ స్విచ్ మీద భారం పడకుండా బ్యాటరీ కరెంటును లైటుకు పంపే చిన్న స్విచ్) పెట్టించండి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లో ఉండాలి.

ఇంజిన్ పవర్ పెంచే ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చడం మాత్రం వారంటీ ఉన్నన్నాళ్లూ వద్దనే నా సలహా. పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించినా, మార్చిన ఆనవాలు చాలా ఈసీయూల్లో మిగులుతుంది. టైర్లు కంపెనీ చెప్పిన సైజులు దాటొద్దు. సీటు కవర్ల దగ్గర వారంటీ కన్నా ప్రాణం ముఖ్యం: సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే, అది తెరుచుకునేలా తయారైన కవరే వేయండి.

బిల్లు మీద వస్తువు పేరు, బిగించిన తేదీ ఉండాలి. తీసేసిన ఒరిజినల్ పార్టులు దాచుకోండి.

అయినా క్లెయిమ్ కుదరదన్నారా? నోటిమాటతో ఊరుకోకండి. ఏ పార్టు పాడైంది, మీ యాక్సెసరీ వల్ల ఎలా పాడైంది, ఏ నిబంధన ప్రకారం కాదంటున్నారు అని రాతపూర్వకంగా అడగండి. ఆ పార్టు విప్పకముందే ఫొటోలు తీసుకోండి. వీలైతే వేరే మెకానిక్‌కు చూపించి అతని అభిప్రాయం కూడా కాగితం మీద రాయించుకోండి.