ఒకే డిష్, నాలుగు బాక్సులు: స్ప్లిటర్ జోలికి పోకండి

ఒక డిష్ నుంచి రెండు మూడు టీవీలకు కనెక్షన్ ఇవ్వాలంటే మధ్యలో మామూలు స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను రెండు మూడుగా చీల్చే ముక్క) పెట్టకండి. సెట్‌టాప్ బాక్సు అదే కేబుల్ గుండా ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే పరికరం) వోల్టేజీ పంపుతుంది: ఏ పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) కావాలో అది చెబుతుంది, 13 వోల్టులైతే వర్టికల్, 18 అయితే హారిజాంటల్. లో, హై రెండు బ్యాండ్లూ (ఫ్రీక్వెన్సీ శ్రేణులు) అందుకునే యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ అయితే హై బ్యాండ్ కోసం 22 కిలోహెర్ట్జ్ టోన్ కూడా వెళ్తుంది. ఒకే తీగ మీద రెండు బాక్సులు రెండు రకాలుగా అడిగితే 18 వోల్టులదే పైచేయి. రెండో టీవీలో ఛానళ్లు ఉన్నట్టుండి మాయమయ్యేది అందుకే.

బాక్సుకో పోర్టు, పోర్టుకో ఆర్‌జీ-6 కేబుల్ ఉండాల్సిందే. రెండింటికి ట్విన్, నాలుగింటికి క్వాడ్ ఎల్‌ఎన్‌బీ. అంతకు మించితే క్వాట్రో ఎల్‌ఎన్‌బీ, దానికి మల్టీస్విచ్ (ఎల్‌ఎన్‌బీ సిగ్నళ్లను బాక్సులన్నింటికీ పంచే పెట్టె). కొనేటప్పుడు పేరు రెండుసార్లు చదవండి. క్వాడ్‌కీ క్వాట్రోకీ నాలుగేసి పోర్టులే, కానీ క్వాట్రోలో ఒక్కో పోర్టు ఒక్క బ్యాండు, ఒక్క పోలరైజేషనే ఇస్తుంది. నేరుగా బాక్సుకు తగిలిస్తే చాలా ఛానళ్లు రావు.

కేబుల్ చివర ఎఫ్ కనెక్టర్ (బాక్సుకు తగిలించే మర మొన) బిగించేటప్పుడు పై అల్లికలోని పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా షార్టే. మధ్య తీగ కనెక్టర్ అంచు నుంచి 2, 3 మి.మీ. బయటికి ఉంటే చాలు. కేబుల్ తగిలించే ముందు బాక్సు ప్లగ్ తీసేయండి.