క్రూయిజ్ కంట్రోల్ పని చేయట్లేదా? ముందు బ్రేక్ లైట్లు చూడండి

యాక్సిలరేటర్ తొక్కకుండానే కారుని సెట్ చేసిన వేగంలో నడిపే క్రూయిజ్ కంట్రోల్ మొరాయిస్తే అందరి చూపూ స్టీరింగ్ మీదున్న బటన్ల మీదకే వెళ్తుంది. దోషం అక్కడ దొరకడం తక్కువ. ఈ సిస్టమ్‌కి అనుమానం ఎక్కువ. బ్రేక్, క్లచ్, చక్రాల వేగం, వీటిలో ఏ ఒక్కదాని సిగ్నల్ తేడాగా వచ్చినా పని చేయనని భీష్మించుకు కూర్చుంటుంది. అలా కూర్చోవడం దాని డ్యూటీయే. అది దేన్ని అనుమానిస్తోందో కనిపెడితే సగం రిపేరు అయిపోయినట్టే.

రిపేరు అక్కర్లేని సందర్భాలు

వేగం చాలకపోతే క్రూయిజ్ సెట్ అవదు. చాలా కార్లలో గంటకు 30 నుంచి 40 కిలోమీటర్లు దాటాలి. కొన్ని మాన్యువల్ కార్లు ఒకటి, రెండు గేర్లలో ఒప్పుకోవు. ఇంకో పొరపాటు, స్పీడ్ లిమిటర్ బటన్ నొక్కి అదే క్రూయిజ్ అనుకోవడం. లిమిటర్ వేగాన్ని హద్దు దాటనివ్వదంతే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కారు నెమ్మదిస్తుంది. పల్లంలో దిగేటప్పుడు సెట్ చేసిన వేగం దాటిపోవడం కూడా మామూలు క్రూయిజ్‌లో లోపం కాదు. వాటిలో చాలావాటికి బ్రేక్ వేసే అధికారం లేదు.

డ్యాష్‌బోర్డులో క్రూయిజ్ ఇండికేటర్ వెలుగుతుంది, కానీ సెట్ అవదు

ఎక్కువమందికి వచ్చే సమస్య ఇదే. మొదటి అనుమానం బ్రేక్ పెడల్ పైన ఉండే చిన్న స్విచ్ మీద. బ్రేక్ లైట్లను వెలిగించేదీ అదే, కాబట్టి బ్రేక్ నొక్కితే అవి వెలుగుతున్నాయో లేదో, వదిలితే ఆరుతున్నాయో లేదో చూడండి. చూసి చెప్పే మనిషి లేకపోతే చీకట్లో కారు వెనక భాగాన్ని గోడవైపు పెట్టి బ్రేక్ నొక్కండి, గోడ మీద ఎర్ర వెలుగు అద్దంలో కనిపిస్తుంది.

లైట్లు అసలు వెలగకపోతే ఫ్యూజు, బల్బులు, స్విచ్, ఈ వరసలో చూడండి. కొన్ని పాత కార్లలో క్రూయిజ్ మాడ్యూల్ బ్రేక్ బల్బుల ఫిలమెంట్ మీదుగానే ఎర్త్ అందుకుంటుంది. బల్బులన్నీ పోయినా, వాటి స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టించినా అది పని మానేస్తుంది. ఎల్‌ఈడీ పెట్టిన రోజు నుంచే సమస్య మొదలైతే పాత బల్బు ఒకటి తిరిగి పెట్టి చూడండి.

కాలు తీసినా లైట్లు వెలుగుతూనే ఉంటే, పెడల్ కింద మ్యాట్ మీద ప్లాస్టిక్ ముక్కలేమైనా రాలాయేమో వెతకండి. స్విచ్ మొన ఆనడానికి పెడల్ ఊచకి ఒక చిన్న రబ్బరో ప్లాస్టిక్కో బిళ్ళ ఉంటుంది. ఏళ్ళు గడిచి అది పొడైపోతే మొన ఆ కన్నంలోంచి బయటికొచ్చేస్తుంది. బ్రేక్ నొక్కే ఉందని కారు నమ్ముతుంది. క్రూయిజ్ పోవడమే కాదు, రాత్రికి రాత్రి బ్యాటరీ కూడా దిగిపోతుంది. కొత్త బిళ్ళ వేస్తే సరి, స్విచ్ మార్చక్కర్లేదు.

లైట్లు సరిగ్గానే ఉన్నా స్విచ్‌ని వదిలేయకండి. చాలా స్విచ్‌లలో రెండు జతల కాంటాక్టులు ఉంటాయి. ఒకటి లైట్లకు, రెండోది ఇంజిన్ కంప్యూటర్‌కు. రెండోది మాత్రమే చెడితే బయటికి ఏమీ తెలియదు. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెడితే పీ0571 లేదా పీ0504 కోడ్ రావచ్చు. లైవ్ డేటాలో బ్రేక్ స్టేటస్ చూస్తూ పెడల్ నొక్కి వదిలితే ఇంకా స్పష్టంగా తేలుతుంది.

మాన్యువల్ కార్లలో క్లచ్ స్విచ్‌దీ ఇదే కథ. క్లచ్ తొక్కితే బండి స్టార్ట్ అవుతోంది కదా అని దాన్ని నిర్దోషిగా తేల్చేయకండి. చాలా కార్లలో స్టార్టింగ్‌కి పెడల్ అడుగున ఒక స్విచ్, క్రూయిజ్‌కి పైన ఇంకోటి ఉంటాయి.

ఇండికేటరే వెలగదు

ముందు ఫ్యూజు. తర్వాత హారన్ కొట్టి చూడండి. హారన్, ఆడియో బటన్లు కూడా మూగబోయి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంటే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ తెగి ఉండొచ్చు. స్టీరింగ్‌తో పాటు తిరిగే రిబ్బన్ వైరు అది. ఇది ఇంట్లో విప్పే పని కాదు, ఎయిర్‌బ్యాగ్ తీస్తే గాని దాన్ని చేరలేం. మెకానిక్‌కి వదిలేయండి. ఒక్క బటనే పని చేయకపోతే మాత్రం ఆ స్విచ్ మారిస్తే చాలు.

ఏబీఎస్ లైటో, ఇంజిన్ లైటో కూడా వెలుగుతోంది

చాలా కార్లు ఈ లైట్లుంటే క్రూయిజ్‌ని కావాలనే ఆపేస్తాయి. ముందు వాటి సంగతి చూడండి. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే సిస్టమ్) అయితే చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్, దాని వైరు, తుప్పు, ఇనుప రజను. ఈమధ్యే బేరింగ్ మార్పించారా? కొన్ని బేరింగ్‌లకు ఒక పక్కన అయస్కాంతపు రింగు ఉంటుంది. తిరగేసి బిగిస్తే సెన్సర్‌కి సిగ్నల్ రాదు. కొత్త సెన్సర్లు ఎన్ని కొన్నా లాభం ఉండదు.

సెట్ అయ్యాక తనంతట తానే ఆగిపోతుంది

గతుకుల్లో ఆగితే బ్రేక్ స్విచ్ అడ్జస్ట్‌మెంట్ వదులై ఉండొచ్చు, పెడల్ కాస్త అదిరినా బ్రేక్ వేశారని కారు అనుకుంటుంది. ఎత్తు ఎక్కుతూ వేగం బాగా పడిపోయాక ఆగితే అది లోపం కాదు.

వేగం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది

డ్రైవరు కాలు ఇలా ఊగిసలాడటం నచ్చకే అమెరికన్ ఇంజినీర్ రాల్ఫ్ టీటర్ క్రూయిజ్ కంట్రోల్ కనిపెట్టారంటారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు. పాత కార్లలో కేబుల్ వదులైందేమో, వాక్యూమ్ గొట్టం పగిలిందేమో చూడండి. కొత్తవాటిలో ఇంజిన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీకి పట్టిన మసి తుడిపించండి.

అడాప్టివ్ క్రూయిజ్ ఆగిపోయింది

ముందున్న బండిని బట్టి వేగాన్ని తనే మార్చుకునే క్రూయిజ్ ఇది. బంపరు దగ్గరి రాడార్ మీద బురద, మంచు, స్టిక్కరు లేకుండా చూడండి. విండ్‌షీల్డ్ మార్చాక, బంపరు రిపేరు అయ్యాక మొదలైతే కెమెరా, రాడార్ క్యాలిబ్రేషన్ (వాటి గురి అమరిక) తప్పి ఉండొచ్చు. దానికి వర్క్‌షాప్ పరికరాలు కావాలి.

బ్రేక్ నొక్కినా క్రూయిజ్ వదలకపోతే

ఇది వేరే సంగతి. బ్రేక్ గట్టిగా పట్టి, గేరు న్యూట్రల్‌కి తెచ్చి, క్రూయిజ్ మెయిన్ స్విచ్ ఆపి పక్కకు నిలపండి. కదులుతుండగా ఇగ్నిషన్ కట్టేయొద్దు. స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్‌కి ఊతం పోతుంది. రిపేరు అయ్యేదాకా మెయిన్ స్విచ్ మళ్ళీ ముట్టుకోకండి.