క్లాసిసిజంని గుర్తుపట్టడం ఎలా? ఒక ఫొటో, ఒక కాగితం ముక్క చాలు

క్లాసికల్ అనగానే మనకి కర్ణాటక సంగీతం, క్లాసిక్ అనగానే పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా గుర్తొస్తాయి. ఆ రెండిటినీ కాసేపు పక్కన పెట్టండి. యూరప్ కళల్లో క్లాసిసిజం అంటే పాతదని కాదు. గ్రీకులు, రోమన్లు పాటించిన కొలతల్నీ నిగ్రహాన్నీ ఆదర్శంగా పెట్టుకుని పని చేయడం. అందుకే ఎప్పుడో 18వ శతాబ్దం చివర్లో వేసిన బొమ్మ కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

ముందు భవనాలతో మొదలుపెట్టండి, తీరిగ్గా చూడొచ్చు. హైదరాబాద్ వాళ్లకి కోఠి విమెన్స్ కాలేజీలోని (ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం) పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది, నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం మొదట్లో కట్టించింది. వెళ్లే వీలు లేకపోతే దాని ఫొటో చూసినా పనవుతుంది. ఎదురుగా, సరిగ్గా నడిమధ్య నుంచి తీసిన ఫొటో తీసుకుని మధ్యకి మడిచినట్టు ఊహించుకోండి, రెండు సగాలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. అయితే ఇదొక్కటే చూసి ఫిక్స్ అయిపోకండి, 1591 నాటి చార్మినార్ కూడా అలాగే కూర్చుంటుంది, కానీ అది వేరే సంప్రదాయం.

తర్వాత స్తంభాల తలలు చూడండి. దిండు మీద పలక పెట్టినట్టు సాదాగా ఉంటే డోరిక్, పొట్టేలు కొమ్ముల్లా రెండు వైపులా చుట్టలు తిరిగితే అయానిక్, ఆకులు గుత్తిగా విచ్చుకుంటే కొరింథియన్. రెసిడెన్సీ ముందున్నవి ఈ మూడో రకం.

అసలు పరీక్ష ఇప్పుడుంది. స్తంభం అడుగున ఎంత లావుందో కాగితం ముక్క మీద గుర్తు పెట్టుకుని, దాన్ని పైకి జరుపుకుంటూ ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టండి. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన ప్రకారం మగవాడి పాదం అతని ఎత్తులో ఆరో వంతు కాబట్టి డోరిక్ స్తంభం ఎత్తు దాని లావుకి ఆరు రెట్లు పెట్టారు, తర్వాతివాళ్లు ఏడు చేశారు. అయానిక్ ఎనిమిదితో మొదలై తొమ్మిదికి వచ్చింది. కొరింథియన్ ఇంకా సన్నగా కనిపిస్తుంది. మన ఫంక్షన్ హాళ్ల ముందు బంగారు రంగు పూసిన ఆకుల స్తంభాలని ఈ కాగితంతో కొలిచి చూడండి, సరదాగా ఉంటుంది. కొన్నయితే పైన ఏ బరువూ మోయవు, ఊరికే నిలబడి ఉంటాయి.

అలాగని క్లాసిసిజం అంటే స్కేలు పట్టుకుని గీసిన గీతలే అనుకోకండి. క్రీస్తుపూర్వం 447లో మొదలైన ఏథెన్స్ పార్థెనాన్‌లో ముందు 8, పక్కన 17 స్తంభాలు; చూడటానికి అంతా తిన్నగానే ఉంటుంది గానీ నేల మధ్యలో కొంచెం ఉబ్బి ఉంటుంది, మూల స్తంభాలు మిగతావాటికంటే కాస్త లావు. ఇంత లెక్కలో ఈ చిన్న వంపులు పెట్టిన వాళ్లంటే నాకు భలే ఇష్టం.

బొమ్మల్లో కూడా ఇదే చూపు పనికొస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు దావీద్ 1784లో వేసిన 'హొరేషియాల ప్రమాణం' ఫోన్‌లో తెరవండి. వెనక మూడు ఆర్చీలు. ఎడమ ఆర్చీ ముందు ముగ్గురు అన్నదమ్ములు, మధ్యలో కత్తులెత్తిన తండ్రి, కుడివైపు ఏడుస్తున్న ఆడవాళ్లు. యుద్ధానికి పోతున్నారు, ఇంట్లో ఏడుపులు, అయినా ఒక్కరూ తమ చోటు దాటి పక్క గుంపులోకి రారు. జూమ్ చేసినా కుంచె గీతలు దాదాపు కనపడవు.

సాహిత్యంలో అయితే గడియారం చూడండి. 17వ శతాబ్దపు ఫ్రెంచి నాటకంలో కథ ఒకటే, చోటు ఒకటే, జరిగేదంతా ఒక్క రోజులో అయిపోవాలి. రసీన్ 1677లో రాసిన 'ఫేద్ర్'లో యువరాజు గుర్రాలు బెదిరి ఘోరంగా చనిపోతాడు, కానీ ఆ చావు స్టేజీ మీద కనపడదు, అతన్ని పెంచిన గురువు వచ్చి చెప్తాడు. ఆ చెప్పడం మాత్రం చాలాసేపు సాగుతుంది, నాకైతే అక్కడ కొంచెం ఓపిక తగ్గుతుంది.