అవొమోరి మంచుకొండలకు వెళ్లే ముందు జాగ్రత్తలు

ఉత్తర జపాన్‌లోని అవొమోరి ప్రాంతంలో ఉన్న హక్కోదా కొండల్లో మంచు మన ఊహకు అందదు. అక్కడి సుకాయు అనే వేడినీటి బుగ్గల చోట 2013 ఫిబ్రవరిలో 566 సెంటీమీటర్ల మంచు పేరుకుంది. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• బూట్లు నీళ్లు పీల్చనివి, అడుగున పట్టు ఉన్నవి కావాలి. నడిచేటప్పుడు అడుగులు చిన్నగా వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి.

• ఇళ్ల చూరు కింద నిలబడి ఫొటోలు దిగొద్దు. ఎండ కాసిన రోజే ఎక్కువ ప్రమాదం: కప్పు మీది మంచు ఒక్కసారిగా జారిపడుతుంది. రోడ్డు పక్కన మంచు పారబోసే కాలువల మూతలు తెరిచి ఉండొచ్చు, పిల్లల చెయ్యి వదలకండి.

• మంచులో బండి నడిపిన అలవాటు లేకపోతే కారు అద్దెకు తీసుకోవద్దు, బస్సే మేలు. ఇది నా గట్టి సలహా. ఎవరి కారులోనైనా వెళ్తూ మంచులో చిక్కుకుంటే ఇంజిన్ ఆపించండి. పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. హీటర్ తప్పనిసరైతే గొట్టం చుట్టూ మంచు తవ్వుతూనే ఉండాలి. అందుకే కారులో పార, దుప్పట్లు ఉన్నాయో లేదో ముందే అడగండి.

• బస్సులు తక్కువ. తిరుగు బస్సు టైము దిగగానే చూసుకోండి.

• యెన్ నోట్లు దగ్గర ఉంచుకోండి. చిన్న ఊళ్లలో కార్డు అన్నిచోట్లా చెల్లదు.

• శాకాహారులైతే గది బుక్ చేసేటప్పుడే చెప్పండి. కూరగాయల పులుసులోనూ తరచుగా చేపల రసం ఉంటుంది.

• అంబులెన్స్‌కు 119, పోలీసులకు 110.