అనువుగాని హాలులో అభిమాన బ్యాండు

ఏళ్ల క్రితం విడిపోయిన రూట్స్ బ్యాండు (జానపద మూలాలున్న సంగీతం వాయించే బృందం) మళ్లీ కలిసి కచేరీ చేస్తోందని తెలిసినప్పుడు అభిమాని ముందు తేదీ చూస్తాడు, తరువాత టికెట్ ధర చూస్తాడు, హాలు సంగతి మాత్రం డబ్బు కట్టాక గాని పట్టించుకోడు. నేనూ అలాగే కొన్నాను. రేకుల కప్పు, సిమెంటు నేల, వెనుక గోడ పొడవునా మద్యం బారు ఉన్న ఒక గోదాములాంటి చోట, ఫిడేలు రెండేసిసార్లు వినిపించి బాంజో ఒక్కసారైనా తిన్నగా వినిపించని సాయంత్రం గడిపి వచ్చాను. హాలును మార్చడం శ్రోత చేతిలో లేని పని. అందులో ఎక్కడ నిలబడాలి, దేనిమీద చెవి పెట్టాలి అన్నవి మాత్రం చాలావరకు అతని చేతిలోనే ఉంటాయి.

టికెట్ కొనేముందు హాలు లోపలి ఫోటోలు చూడండి. కప్పు ఎత్తు, గోడలు దేనితో కట్టినవి, కుర్చీలున్నాయా లేక నిలబడే వినాలా అన్నవి ఆ ఫోటోలే చెబుతాయి. పేరును నమ్ముకోవద్దు. 1871లో ప్రారంభమైన లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ తన ప్రతిధ్వనితో దాదాపు వందేళ్లు అప్రతిష్ఠ మోసింది. 1969లో కప్పు కింద పుట్టగొడుగుల్లాంటి పెద్ద బిళ్లలు వేలాడదీశాక గాని ఆ బాధ తగ్గలేదు. 1892లో ప్రార్థనా మందిరంగా తెరిచిన నాష్‌విల్ రైమన్ ఆడిటోరియంలో ఉన్నవి చెక్క బల్లలే అయినా, 1943 నుంచి 1974 వరకు గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ సంగీత రేడియో కార్యక్రమానికి అదే నెలవు. మళ్లీ కలిసిన బ్యాండుకు హాలు తరచుగా కుదరకపోవడానికి కారణం ఉంది. ఐర్లండ్ జానపద బృందం ప్లాంక్స్‌టీ 2004లో, అమెరికా బృందం నికెల్ క్రీక్ 2014లో తిరిగి వేదిక ఎక్కినట్లు ఒక బృందం ఎక్కినప్పుడు, పాత శ్రోతలతోపాటు వారిని రికార్డుల్లోనే విన్న కొత్తవారూ వస్తారు. ఆ జనానికి సరిపడే చోటు వెతికేటప్పుడు నిర్వాహకులు ముందుగా లెక్కవేసేది ఎంతమంది పడతారన్నదే, శబ్దం ఎలా ఉంటుందన్నది కాదు.

ఈ సంగీతమే ఎందుకు ఎక్కువగా దెబ్బతింటుందో తెలిస్తే తరువాతి జాగ్రత్తలు సులువవుతాయి. శబ్దం ఆగిపోయాక హాలులో దాని మోత 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే సమయాన్ని ప్రతినాద కాలం అంటారు. హాలు ఘనపరిమాణం పెరిగితే అది పెరుగుతుందని, శబ్దాన్ని పీల్చుకునే ఉపరితలం పెరిగితే తగ్గుతుందని హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ 19వ శతాబ్దపు చివరి సంవత్సరాల్లో లెక్కకట్టాడు. వేగంగా మీటే బాంజోలో సెకనుకు ఎనిమిది స్వరాలు పలకడం మామూలే. మోత రెండున్నర సెకన్లు నిలిచే హాలులో దాదాపు ఇరవై స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి చిక్కుపడతాయి. నిదానంగా సాగే పాటకు అదే మోత అందం తేవచ్చు. మనుషుల ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కనుక నిండిన హాలు ఖాళీ హాలుకన్నా మెరుగు. సౌండ్ ఇంజినీరు మధ్యాహ్నం ఖాళీ హాలులో సరిచూసుకున్న లెక్క రాత్రికి మారిపోతుంది కాబట్టి, మొదటి రెండు పాటలు విని తీర్పు చెప్పడం అన్యాయం.

ఆ రెండు పాటల సమయాన్ని చోటు వెతుక్కోవడానికి వాడండి. అన్నిటికన్నా భద్రమైనది మిక్సర్ (సౌండ్ ఇంజినీరు శబ్దాలను సరిచేసే బల్ల) పక్కన లేదా దానికి కాస్త ముందు నిలబడటం, ఎందుకంటే ఇంజినీరు తన చెవికి వినిపించినదాన్నే సరిదిద్దుతాడు. మూలలకు, వెనుక గోడకు దూరంగా ఉండాలి, అక్కడ డబుల్ బేస్ (లోతైన స్వరాలు పలికే పెద్ద తంత్రీవాద్యం) మోత పోగుపడి తక్కినవాటిని మింగేస్తుంది. బాల్కనీ కింద లోపలికంటా వెళితే పై స్థాయి శబ్దాలు మందగిస్తాయి. వేదిక ముందు వరుస సంగతి కొంచెం చిక్కుది. గొంతులు వచ్చే పెద్ద స్పీకర్లు అటూ ఇటూ ఉండటంతో అక్కడ మాటలు సరిగా అందవు. పైగా వెనుక గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే, సెకనుకు సుమారు 343 మీటర్లు పోయే శబ్దం వెళ్లి తిరిగి రావడానికి సెకనులో తొమ్మిదో వంతు పట్టి, విడి ప్రతిధ్వనిగా వినబడుతుంది. ఆ సాయంత్రం నాకు ఫిడేలు రెండుసార్లు వినిపించడంలోని రహస్యం ఇదే. అయినా చిన్న వేదికయితే నేను ముందు వరుసనే ఎంచుకుంటాను, మాండొలిన్ చెక్కలోంచి వచ్చే అసలు శబ్దం అక్కడే చెవిని తాకుతుంది. బారుకు దగ్గర చోటు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

చెవిబిరడాలు వెంట ఉండాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని ఎనిమిది గంటలు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ వ్యవధి సగమవుతుంది, అంటే 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది పావుగంటే. స్పాంజి బిరడాలు పై స్థాయి శబ్దాలను ఎక్కువగా కోసి ఫిడేలును మొద్దుబారుస్తాయి. సంగీతకారుల కోసం చేసిన ఫిల్టరు బిరడాలు అన్నిటినీ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి.

హాలు మాటలను మింగుతుంది కనుక పాటలను ముందే విని వెళ్లాలి. స్టూడియో రికార్డుకన్నా పాత కచేరీ రికార్డింగు మేలు, లేకపోతే పోలిక అన్యాయమవుతుంది. గిటారు మెడమీద కేపో (తీగలన్నిటినీ అడ్డంగా ఒత్తిపట్టే బిగింపు) ఎక్కడుందో గమనించండి. అది కదిలే ఒక్కొక్క మెట్టూ అర్ధస్వరం, కాబట్టి మునుపటి వేళ్ల అమరికతోనే వాయిస్తూ దాన్ని గిటారు తలవైపుకు జరిపి ఉంటే, వయసు పెరిగిన గొంతుకోసం శ్రుతి తగ్గించారన్నమాట. అది లోపం కాదు, బుద్ధిమంతుల పని. బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలు ప్రధానంగా సాగే అమెరికా గ్రామీణ సంగీతం) పద్ధతిలో ఒకే మైకు చుట్టూ చేరే బృందమైతే, సోలో వాయించేవారికి తక్కినవారు ఎలా దారి ఇస్తున్నారో చూడండి. మధ్యలో గడిచిన ఏళ్లలో ఏం చెడిందో, ఏం నిలిచిందో ఆ అడుగుల్లో తెలిసినంతగా స్పీకర్లలో తెలియదు.

ఫిర్యాదు ఉంటే పాటకూ పాటకూ మధ్య సిబ్బందితో మర్యాదగా చెప్పండి. "సౌండ్ బాగాలేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు, "ఎడమవైపు గొంతు వినబడటం లేదు" అంటే చేయగలరు. ఇలాంటి బృందాలు కొన్ని చివరి పాటకు మైకులు వదిలి వేదిక అంచుకు వచ్చి పాడతాయి. ఆ సూచన కనిపించగానే మిక్సర్ దగ్గరి చోటును వదులుకుని, మాట్లాడకుండా ముందుకు నడవండి.