వ్యాకరణ విశ్లేషణ: మాటలో కలిసిపోయిన వ్యతిరేకం (6వ పాఠం)

ఘనా ఉత్తర ప్రాంతంలోనూ టోగోలోనూ మాట్లాడే కొంకొంబా, పశ్చిమ ఆఫ్రికాలోని గుర్ కుటుంబపు భాష. వచ్చే పాఠంలో దాని వ్యతిరేక రూపాల్లోకి దిగుతాం. అంతకు ముందు చేయి తిరగాలి కాబట్టి ఈసారి తెలుగునే తీసుకుందాం.

మాటలో వ్యతిరేకం ఏ ముక్కలో ఉందో పట్టుకునే పద్ధతి చిన్నదే. ఔననే వాక్యం పక్కన కాదనే వాక్యం రాయాలి. ఒక్క జతతో ఆగకుండా కర్తను మారుస్తూ పట్టిక నింపాలి.

వెళ్తాను–వెళ్ళను, వెళ్తావు–వెళ్ళవు, వెళ్తారు–వెళ్ళరు. ‘ను, వు, రు’ రెండు వైపులా ఉన్నాయి కాబట్టి అవి కర్తవి, పక్కన పెట్టేయండి. మిగిలినవి ‘వెళ్తా’, ‘వెళ్ళ’. కాలం చెప్పే ‘తా’ పోయి ఆ చోట అకారం నిలిచింది. వ్యతిరేకమంతా ఆ ఒక్క అచ్చులోనే ఉంది.

ఉన్నాను–లేను జతలో ధాతువే మారిపోయింది. ‘లే’ని ఇంకా కోయాలని చూడకండి. ఉనికీ నిషేధమూ కలిసిన ఒకే ముక్కగా రాసుకోండి.

అసలు చిక్కు ‘వెళ్ళలేదు’ దగ్గర వస్తుంది. “ఆమె ఊరికి వెళ్ళలేదు” అంటే నిన్న ప్రయాణం మానుకుందనా, మోకాళ్ళ నొప్పితో వెళ్ళే ఓపిక లేదనా? రెండూ కుదురుతాయి. కర్తగా ‘నేను’ పెట్టండి. జరగని పనికి ‘వెళ్ళలేదు’, చేతకాని పనికి ‘వెళ్ళలేను’. వెంటనే విడిపోయాయి! మొదటి ‘లేదు’ ఎవరికైనా మారదు: మేము వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. రెండోది కర్తను బట్టి లేము, లేరు అవుతుంది. ‘ఆమె’ వాక్యాలే సేకరించినవారికి ఇక్కడ రెండు నిర్మాణాలున్నాయని ఎప్పటికీ తెలియదు. పూర్తి పట్టిక కోసం నేనింత పట్టుబట్టేది అందుకే.

లాటిన్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ‘వోలో’ అంటే కోరుకుంటున్నాను. దానికి కాదని చెప్పే ‘నే’ కలిసిపోయి ‘నోలో’ (కోరుకోను) అయింది. కర్త ‘వాళ్ళు’ అయినప్పుడూ ‘నోలుంట్’ అనే కలిసిన రూపమే. కానీ కర్త ‘నువ్వు’ అయినప్పుడు ‘నోన్ వీస్’ అని వ్యతిరేకం విడిగా నిలబడుతుంది. ఒకే క్రియ, కొన్ని గళ్ళలో కలిసింది, కొన్నింట్లో కలవలేదు. ఒక గడి చూసి సూత్రం రాసేయకూడదు.

అభ్యాసం: తెలియదు, చాలదు, వద్దు. మూడింటికీ ఔననే రూపం రాయండి. కర్త మారితే ఏవి మారతాయో, ఏవి మారవో గుర్తు పెట్టండి. ‘వద్దు’ దగ్గర ఆగిపోతే దాని పాత రూపం ‘వలదు’ తీసుకోండి, జత ‘వలయు’. అక్కడి నుంచి ముక్కలు మీరే చేయగలరు.